క్రొత్త బండికి రెండవ రంగు



1998వ సంవత్సరము నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజ్‌పేయి హైదరాబాదు మాదాపురమున సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించిననాడు గుట్టలును బండరాళ్ళును తప్ప చెప్పుకోదగినది అంతగా కనబడని ఆ నేల, ఒక తరము గడచులోపల, కొండాపురము, గచ్చిబౌలి, రాయదుర్గము, నానక్‌రామ్‌గూడల పర్యంతము అద్దాల మేడలతో నిండిపోయి, దేశము నలుమూలల నుండి వచ్చిన లక్షలాది యువతీయువకులకు జీవనాధారమైనది. ఆ మేడలలో కొలువు చేయువారు తమ సొంత సంపాదనతో మొట్టమొదట కొను విలువైన వస్తువు పెక్కు పర్యాయములు కారే యగుచున్నది. ఆషాఢము గడచి శ్రావణము వచ్చువరకో, దసరా వచ్చువరకో ఎదురుచూచి, బ్యాంకు అప్పు మంజూరు చేయించుకొని, ఒంగోలు నుండియో ఖమ్మము నుండియో తల్లిదండ్రులను పిలిపించుకొని, ముహూర్తవేళకు షోరూమునకు పోయి, కప్పియుంచిన పట్టుగుడ్డను తొలగించి, అట్టతో చేసిన పెద్ద తాళపుచెవిని చేతబట్టి ఫోటో తీయించుకొని, అటనుండి నేరుగా జూబ్లీహిల్సులోని పెద్దమ్మగుడికి తోలుకొనిపోయి, చక్రముల క్రింద నిమ్మకాయలు పెట్టించి ఇంటికి తెచ్చుకొనిన ఆ బండి, తమ చేతికి రాకమునుపే ఎచ్చటనో దెబ్బ తిని, రేకు సరిచేయబడి, పుట్టీ పెట్టబడి, తిరిగి రంగు వేయబడిన బండియని కొన్నాళ్ళకు తెలిసినచో ఆ కుటుంబమునకు కలుగు మనఃక్లేశమును గూర్చియు, ఆ క్లేశము వెనుకనున్న న్యాయమును గూర్చియు ఈనాడు మీతో ముచ్చటింపదలచితిని.

ఇట్టి సంగతిని బండి కొన్నవాడు తనంత తానుగా కనిపెట్టుట అరుదు. దానిని కనిపెట్టువాడు సాధారణముగా ఒక పనివాడు. కొండాపురము, మాదాపురము వీధులలో సిరామిక్ కోటింగు వేయు దుకాణములును, పీపీఎఫ్ అను పారదర్శకమైన పొరను బండికి అంటించు దుకాణములును ఇటీవల విరివిగా వెలసినవి. క్రొత్త బండి మెరుపు చెక్కుచెదరక నిలువవలెనను కోరికతో యజమాని దానిని అచ్చటికి తెచ్చును. పనివాడు బండిని కడిగి, తుడిచి, పొర వేయుటకు ముందు అరచేతిలో ఇముడు ఒక చిన్న మీటరును రేకుమీద ఆనించి రంగు మందమును కొలుచును. ఆ కొలత మైక్రానులలో, అనగా మిల్లీమీటరులో వేయవ వంతులలో వచ్చును. పైకప్పు మీద 110, బానెట్టు మీద 115, ముందు తలుపు మీద 120 చూపిన మీటరు, వెనుక తలుపు మీదికి వచ్చునప్పటికి 310 చూపినదనుకొనుడు. «సార్, ఈ డోరుకు టచప్ అయ్యింది గదా, ఎక్కడ తగిలింది?» అని అతడు నిష్కల్మషముగా అడుగును. «లేదన్నా, కొత్త బండి, మొన్ననే డెలివరీ తీసుకున్నాం» అని యజమాని చెప్పును. అప్పుడు ఆ పనివాడు మారుమాట లేక మీటరును మరల ముందు తలుపు మీదను, వెనుక తలుపు మీదను ఆనించి, ఆ రెండంకెలను యజమానికే చూపును.

ఆ రెండంకెలకును నడుమ ఇంత వ్యత్యాసము ఏల వచ్చినదో తెలిసికొనవలెనన్న, కారునకు రంగు వేయు విధానమును కొంత యెరుగవలసియుండును. కర్మాగారమున రేకు దేహమును, అందు సీట్లు గాని, తీగలు గాని, అద్దములు గాని అమర్చకమునుపే, రసాయన స్నానము చేయించి, విద్యుత్తు సహాయముతో తుప్పునుండి కాపాడు మొదటి పూతను మూలమూలలకును పట్టించి, దానిని సుమారు 160 నుండి 180 డిగ్రీల వేడిలో కాల్చి, పిదప ప్రైమరును, అసలు రంగును, అన్నిటికంటె పైన పారదర్శకమైన క్లియర్ కోటును యంత్రముల చేత సమముగా వేయింతురు. ఈ పొరలన్నియు కలిసి సామాన్యముగా 100 నుండి 150 మైక్రానుల చెంత నుండును. బండి పూర్తిగా తయారైన తరువాత తగిలిన దెబ్బను సరిచేయు వర్క్‌షాపునకు ఈ సౌకర్యము లేదు. లోపల ప్లాస్టిక్కును, రబ్బరును, ఎలక్ట్రానిక్ పరికరములును ఉండుటచేత బూత్‌లో 60, 70 డిగ్రీల వేడికి మించి పోరాదు. గీకివేయబడిన ఆ మొదటి విద్యుత్ పూతను తిరిగి అదే రీతిగా వేయుట ఏ వర్క్‌షాపు వల్లను కాదు. దాని స్థానమున మరియొక ప్రైమరును వేసి సరిపెట్టుదురు. పాత రంగు మీదనే క్రొత్త రంగు పడినచో మందము 200 దాటి 300 వరకు పోవును. సొట్టను పుట్టీతో నింపినచో వేయి మైక్రానులు దాటుటయు కలదు. పనితనము మంచిదైనచో కంటికి కనబడకపోవచ్చును; కాని కొన్ని మాసముల ఎండకు పుట్టీ కుంచించుకొని, దాని అంచు రంగు క్రిందనుండి సన్నని గీతవలె పైకి తేలుట, మెటాలిక్ రంగులలో ప్రక్కప్రక్క రేకుల ఛాయ సాయంకాలపు ఏటవాలు వెలుగులో వేరుగా కనబడుట, ఈ వృత్తిలోనివారందరును ఎరిగిన విషయమే.

ఇచ్చట న్యాయముగా ఒక మాట చెప్పవలెను. మీటరు చూపిన ప్రతి పెద్ద అంకెయు మోసమునకు సాక్ష్యము కాదు. కర్మాగారముననే తుది తనిఖీలో బయటపడిన చిన్న లోపములను అక్కడనే సరిచేయు ఏర్పాటు కలదు. ప్లాస్టిక్కు బంపరును వేరుగా రంగు వేసి తెచ్చి బిగింతురు కావున, దాని ఛాయ రేకు ఛాయకు వెండ్రుకవాసి తేడాగా నుండుట సహజము. పైగా సాధారణపు మీటరు ప్లాస్టిక్కు మీద పనిచేయనే చేయదు. అందుచేత అనుభవజ్ఞుడైన పనివాడు అంకెను మాత్రమే నమ్మడు. తలుపు కీలుల వద్దను, ఫెండరు లోపలను ఉన్న మరమేకుల తలల మీద రంగు చిట్లినదేమో చూచును, ఏలయనగా స్పానరు తగిలినగాని ఆ రంగు చిట్లదు. కిటికీ రబ్బరు బీడింగును వేలితో ఎత్తి, దాని అంచున రంగు తుంపరలు పడినవేమో, మాస్కింగు టేపు అంటించిన చోట రంగు గట్టుకట్టినదేమో పరిశీలించును. అద్దముల మూలలయందు ముద్రింపబడియుండు సంకేతములలో ఒకటి మాత్రము తక్కినవానితో కలియకున్న, ఆ అద్దము మార్చబడినదేమోయని సందేహించును. రేకు అతుకుల వద్ద యంత్రము వేసిన సీలెంటు నున్నగా సాగియుండును. చేతితో పూసినది ముద్దముద్దగా నుండును. ఇన్ని గురుతులు ఒకే చోట కూడినప్పుడు ఇక సంశయమునకు తావుండదు.

బండి కర్మాగారము వదలిన క్షణమునుండి మన చేతికి వచ్చువరకు దాని ప్రయాణము సుదీర్ఘమైనది. శ్రీపెరుంబుదూరునుండియో, మానేసరు నుండియో, సానందు నుండియో, మన పెనుకొండ నుండియో పెద్ద ట్రైలరు మీద కట్టబడి, రహదారి చెట్ల కొమ్మలను రాచుకొనుచు, వంతెనల క్రిందుగాను, టోలుగేట్ల నడుమగాను సాగి, నగర శివారులోని స్టాక్‌యార్డున దిగి, అచ్చట ఎండకును వానకును నిలిచి, పదిమంది డ్రైవర్ల చేత ఇటునటు జరుపబడి, తుదకు షోరూము చేరును. ఈ త్రోవలో ఏ గొలుసు తగిలియో, ఏ ఇనుప నిచ్చెన దిగునప్పుడు అదుపు తప్పియో, ఏ స్తంభమునకు ఒరసియో దెబ్బ తగులుట అసంభవము కాదు. దెబ్బ తగులుట నేరమని నేననను. దానిని సరిచేయుటయు నేరము కాదు. బాగుగా సరిచేసినవాని పనితనమును మెచ్చుకొనవలసినదే. సరిచేసిన సంగతిని కొనువానికి చెప్పకుండుటయే దోషము. వేయి అబద్ధములాడియైనను ఒక పెండ్లి చేయుమను సామెతను మన సమాజము పెండ్లి సంబంధములకు మాత్రమే గాక, వాహన విక్రయమునకును వర్తింపజేసికొనినట్లున్నది. అడిగినప్పుడు «చిన్న టచప్ సార్, ఇది మామూలే» అను సమాధానము వచ్చును. గట్టిగా నిలదీసినచో ఉచితముగా పాలిష్ చేయింతుమనియు, సీటు కవర్లు ఇత్తుమనియు అందురు. ఆ సీటు కవర్లను పుచ్చుకొనినవాడు, తనకు దక్కవలసిన నిజమును వాటికి బదులుగా వదలుకొనినవాడగుచున్నాడు.

ఈ విషయమున లోకప్రసిద్ధమైన వ్యాజ్యము అమెరికా దేశమున నడచినది. అలబామా రాష్ట్రము బర్మింగ్‌హామ్ నగరమున గోర్ అను వైద్యుడు 1990 జనవరిలో 40,750 డాలర్ల పైచిలుకు చెల్లించి క్రొత్త బీఎండబ్ల్యూ కారు కొనెను. తొమ్మిది మాసముల పర్యంతము ఆయనకు దానియందు ఏ లోపమును కనబడలేదు. బండికి మరింత మెరుపు తెప్పింపగోరి ఒక మెరుగుపెట్టు దుకాణమునకు తీసికొనిపోగా, ఆ దుకాణదారుడే దానికి తిరిగి రంగు వేయబడినదని గుర్తించెను. బండి జర్మనీ నుండి ఓడలో వచ్చునప్పుడు ఆమ్లవర్షము వలన రంగు దెబ్బతినియుండునని భావింపబడినది. సంస్థ దానికి జార్జియాలోని తన కేంద్రమున రంగు వేయించి, క్రొత్తదిగా అమ్మకమునకు పంపినది. కొండాపురపు దుకాణమున మీటరు చూపిన పనివానికిని, బర్మింగ్‌హామ్ దుకాణదారునికిని భేదమేమియు లేదు. అమ్మినవాడు చెప్పవలసిన మాటను రెండు చోట్లను మెరుగుపెట్టువాడే చెప్పవలసివచ్చినది.

ఆ వ్యాజ్యమున బయటపడిన ఒక నియమము నన్ను మిక్కిలి ఆలోచింపజేసినది. 1983 నుండి ఆ సంస్థ తనలో తాను ఒక విధానము నేర్పరచుకొనినది: మరమ్మతు ఖర్చు బండి ధరలో నూటికి మూడు వంతులు మించినచో దానిని తన వాడుకకు ఉంచుకొని పిదప పాత బండిగా అమ్మవలెను, మించనిచో క్రొత్త బండిగానే అమ్మవలెను, మరమ్మతు సంగతి డీలరుకు సైతము చెప్పనక్కరలేదు. గోర్ బండి మీద అయిన ఖర్చు 601 డాలర్ల 37 సెంట్లు, అనగా ధరలో నూటికి ఒకటిన్నర వంతు. తిరిగి రంగు వేసిన బండి విలువ పదవవంతు తగ్గునను సాక్ష్యము మీద జ్యూరీ ఆయనకు నాలుగు వేల డాలర్ల నష్టపరిహారమును, ఇట్లు దేశమంతటను దాదాపు వేయి బండ్లు అమ్మినందుకు శిక్షగా నలుబది లక్షల డాలర్లను విధించెను. తీర్పు వచ్చిన కొద్ది దినములలోనే సంస్థ తన విధానమును మార్చుకొని, ఎంత చిన్న మరమ్మతైనను చెప్పుటకు అంగీకరించెను. అలబామా అత్యున్నత న్యాయస్థానము శిక్షను సగమునకు తగ్గించెను. 1996 మే 20వ తేదీన అమెరికా సుప్రీంకోర్టు, తొమ్మిదిమంది న్యాయమూర్తులలో ఐదుగురి అభిప్రాయముతో, ఆ మొత్తమును మితిమీరినదని కొట్టివేసెను. తుదకు 1997లో అది యాబదివేల డాలర్లకు నిలిచెను. న్యాయశాస్త్ర విద్యార్థులు ఈ తీర్పును శిక్షారూపమైన పరిహారమునకు హద్దులేవియను ప్రశ్న కొరకు చదువుదురు. నాకు మాత్రము ఆ మూడు వంతుల నియమమే ప్రధానముగా తోచుచున్నది. నా ధనముతో నేను కొను వస్తువును గూర్చి ఏది నేను తెలిసికొనదగినది, ఏది తెలిసికొనదగనిది అని అమ్మువాడు తన గదిలో కూర్చుండి నిర్ణయించుట ఏ న్యాయము? పది లక్షల బండిలో నూటికి మూడు వంతులన్న ముప్పది వేల రూపాయలు. ఒక తలుపును, ఒక ఫెండరును సొట్ట తీసి రంగు వేయుటకు మన ఊరిలో అంత కాదు. అట్టి నియమమే యున్నచో మన మధ్యతరగతి వాని బండికి తగిలిన దెబ్బ ఏనాడును వానికి తెలియదు.

మన దేశపు చట్టము ఈ విషయమున మౌనముగా లేదు. 2020 జూలై 20వ తేదీ నుండి అమలులోనికి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము తన రెండవ సెక్షను 47వ ఉపవిభాగమున అనుచిత వ్యాపారపద్ధతులను నిర్వచించుచు, తిరిగి కట్టిన, వాడిన, బాగుచేసిన, లేదా పాత వస్తువులను క్రొత్త వస్తువులుగా చూపుటను స్పష్టముగా పేర్కొన్నది. అదే సెక్షను 11వ ఉపవిభాగమున, సంబంధించిన సమాచారమును తెలిసియు వినియోగదారునికి చెప్పక దాచుటను సేవాలోపముగా పరిగణించినది. అట్లు దాచుట తప్పని పార్లమెంటు అక్షరాల వ్రాసియుంచగా, «మీరు అడగలేదు, మేము చెప్పలేదు» అను సమాధానమునకు ఇక చోటెక్కడ?

మన దేశముననే నడచిన ఇట్టి వివాదము నొకదానిని చెప్పెదను: 2009లో తయారైన బండిని 2011లో గోవాలో క్రొత్తదని ఒకనికి అమ్మిరి. అప్పటికే అది 622 కిలోమీటర్లు తిరిగినది, దేహము మీద గీతలును, అడుగున తుప్పును ఉన్నవి. ఆ వివాదము సుప్రీంకోర్టు వరకు పోగా, 2021 ఫిబ్రవరిలో న్యాయస్థానము తయారీదారునకును డీలరునకును గల సంబంధము సమాన హోదాలో జరుగు క్రయవిక్రయ సంబంధమని చూచి, తయారీదారును విడిచిపెట్టి, భారమును డీలరు మీదనే నిలిపినది. దీనినుండి మనము గ్రహింపవలసినదేమన, పెద్ద సంస్థ పేరు చూచి నమ్మినంతమాత్రమున చాలదు. రసీదు మీద ఎవరి సంతకమున్నదో వారినే మొదట అడుగవలెను, ఫిర్యాదున డీలరును తయారీదారును ఇరువురను చేర్చవలెను.

ఇక మన హైదరాబాదుకు సంబంధించిన ప్రసిద్ధమైన వ్యాజ్యము రంగును గూర్చినది కాదు గాని, క్రొత్త బండి లోపమును గూర్చినదే. జీవీఆర్ ఇండియా ప్రాజెక్ట్స్ అను సంస్థ 2009 సెప్టెంబరు 25వ తేదీన బీఎండబ్ల్యూ సెవెన్ సిరీస్ కారు కొని, నాలుగు దినములకే అందు దోషము కనబడగా బాగుచేయించి, నవంబరులో అదే దోషము తిరిగి కనబడగా మోసమని పోలీసులకు ఫిర్యాదు చేసెను. 2012లో హైకోర్టు క్రిమినల్ కేసును కొట్టివేయుచునే క్రొత్త బండి నిమ్మని ఆదేశించెను. ఆ వివాదము సుప్రీంకోర్టులో తేలునప్పటికి 2024 జూలై 10వ తేదీ వచ్చినది; రాజ్యాంగము 142వ అధికరణము క్రింద యాబది లక్షల రూపాయలు చెల్లింపుమని తయారీదారును ఆదేశించి న్యాయస్థానము ఆ కథను ముగించెను. పదునాలుగేండ్లకు పైబడిన కాలమది. వ్యాజ్యమును నడపగల సంస్థకే ఇంతకాలము పట్టినప్పుడు, నెలనెలా వాయిదా కట్టు ఉద్యోగికి పోలీసుస్టేషను కంటె వినియోగదారుల కమిషనే దగ్గరి త్రోవయని నా అభిప్రాయము. యాబది లక్షలు మించని కొనుగోలునకు జిల్లా కమిషనుననే ఫిర్యాదు చేయవచ్చును. పది నుండి ఇరువది లక్షల బండికి రుసుము నాలుగు వందల రూపాయలు మాత్రమే. తాను నివసించుచోటనే, లేదా పనిచేయుచోటనే దాఖలు చేయు హక్కును క్రొత్త చట్టము ఇచ్చినది. వివాదమునకు కారణము పుట్టిన నాటినుండి రెండేండ్ల గడువు కలదు. పరీక్ష అవసరమైనచో వస్తువును ప్రయోగశాలకు పంపించు అధికారము కమిషనునకు గలదు. బండిని మార్చి యిమ్మని గాని, ధర తిరిగి యిమ్మని గాని, పరిహారము చెల్లింపుమని గాని ఆదేశించు అధికారమును గలదు.

అయితే నష్టము తెలిసిన మరుక్షణమున చాలమంది ఒక పొరపాటు చేయుదురు. కోపముతో బండిని అమ్మినవాని వర్క్‌షాపునకే తీసికొనిపోయి «సరిచేయండి» అని అప్పగింతురు. వారు దానికి మరల రంగు వేయుదురు. అంతటితో సాక్ష్యము మూడవ పూత క్రింద మరుగున పడును. అందుచేత మొదట మీటరు అంకెలను రేకు రేకునకును ఫోటో తీయించి, విక్రేతతో సంబంధము లేని నిపుణునిచే వ్రాతపూర్వకమైన నివేదిక పుచ్చుకొని, రసీదును, ఫారం 21 విక్రయపత్రమును, డెలివరీ నోటును భద్రపరచి, చాసిస్ నంబరు మీద అప్పటివరకు తెరువబడిన జాబ్ కార్డులన్నిటిని వ్రాతమూలకముగా అడిగి, ఆ పిమ్మటనే బండిని ఎవరి చేతికైనను అప్పగింపవలెను. ఫోనులో మాటలాడుట చాలదు; మెయిలు పంపవలెను. ఏమి చేయవలెనో తోచనిచో జాతీయ సహాయవాణి 1915 నంబరునకు ఫోను చేయవచ్చును.

వీటన్నిటికంటె మేలైనది బండిని ముందుగా చూచుట. డెలివరీకి ముందు చేయు తనిఖీని ఈ ఊరిలో అందరును పీడీఐ యందురు. దానిని దసరానాటి సాయంకాలము, పూలదండల నడుమ, విద్యుద్దీపముల వెలుగులో, వెనుక మరి నాలుగు కుటుంబములు తమ వంతుకై వేచియుండగా చేయబూనిన ఏమియు కనబడదు. టీఆర్ నంబరు, అనగా తాత్కాలిక రిజిస్ట్రేషను నంబరు, పడకమునుపే, మిగిలిన సొమ్ము చెల్లింపకమునుపే, ఒక పగటిపూట స్టాక్‌యార్డునకు పోయి, కడిగించిన బండిని ఎండలో నిలిపించి, మీటరు గల పనివానిని వెంట తీసికొనిపోయి చూడవలెను. ముహూర్తమును బండి చూచిన తరువాత పెట్టించుకొనుడు. పెద్దలు తొందరపెట్టుదురు, «శుభమా అని కొంటూ అనుమానాలేంట్రా నాయనా» అని మందలింతురు. వారికి నెమ్మదిగా నచ్చజెప్పుడు.

ఇంతయు చూచిన పిమ్మట, డెలివరీ నోటు మీద సంతకము చేయుటకు ముందు, విక్రేతను ఒకే ఒక వాక్యము వ్రాసి సంతకము చేసి యిమ్మని అడుగుడు: «ఈ చాసిస్ నంబరు గల వాహనమునకు కర్మాగారము వదలిన పిమ్మట రంగు పని గాని, రేకు పని గాని, అద్దముల మార్పు గాని చేయబడలేదు, చేయబడినచో దాని వివరములు ఇవి.» నిజముగా క్రొత్తదైన బండిని అమ్మువానికి ఈ వాక్యము వ్రాయుటలో నష్టమేమియు లేదు. మరమ్మతు జరిగియున్నను, దానిని దాచక వ్రాసి, ధర తగ్గించి అమ్మినచో, సమ్మతించి కొనువారును ఉందురు. వ్రాయుటకు మనసొప్పనివాడు ‘మేనేజరుగారు లేరు’, ‘ఇలాంటి ఫార్మాటు మా దగ్గర లేదు’ అని చెప్పును. అప్పుడు వేరొక చాసిస్ నంబరు గల బండిని చూపుమని అడిగి, ఆనాటికి వట్టి చేతులతో ఇంటికి మరలిరండు.